తలుపు లోపలి రాత

పొద్దున ఏడింటికి డీజిల్ చూసుకుని, బ్యాటరీల మీద దుమ్ము తుడిచి, టవర్ క్యాబిన్‌కు తాళం వేసి రెండు వందల అడుగులు కిందికి నడిచేవాణ్ణి. అక్కడ ఆరోగ్య కేంద్రం. ఆ వేళకు నర్సమ్మ కిటికీలు తెరుస్తూ ఉండేది. చెప్పులు బయట విడిచి మూలగదిలోకి వెళ్ళి, గోడకు బిగించిన ఈసీజీ యంత్రం, మేం గుండె పెట్టె అనేది, దాని మీద కప్పిన గుడ్డ తీసి మీట నొక్కేవాణ్ణి. దీపం ముందు పసుపుగా వెలిగి, మూడు లెక్కపెట్టేలోగా పచ్చబడేది. పచ్చబడిందంటే పట్నంలో గుండె డాక్టరు ముందున్న తెర దాకా దారి ఉన్నట్టు. పరీక్ష మీట నొక్కితే ఒక తిన్నని గీత ఆ తెర మీదికి వెళ్ళేది. అంతే పని. మళ్ళీ గుడ్డ కప్పి వచ్చేసేవాణ్ణి. ఆరేళ్ళు ఒక్కరోజు తప్పలేదు.

ఎదురిల్లు మా అక్కవాళ్ళది. బావ రోడ్డు రోలరు నడిపేవాడు. పనికి వెళ్ళే ముందు మెట్ల మీద కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటూ నన్ను పట్టుకునేవాడు.

"ఏం బామ్మర్దీ, గోడని పలకరించి వచ్చావా? ఏమంటోంది?"

"బాగానే ఉందట."

"నా సంగతేమన్నా అడిగిందా?"

"రోలరాయన ఇంకా బయలుదేరలేదా అంది."

"చూశావే," అని లోపలికి కేకవేసేవాడు మా అక్కతో. "మీ తమ్ముడు మనుషులతో రోజుకి నాలుగు మాటలు మాట్లాడతాడు. అందులో మూడు ఆ గోడకే!"

టవర్ పని నేర్పిన మా పాత సూపర్‌వైజరును అందరం పెద్దాయన అనేవాళ్ళం. క్యాబిన్‌లో అప్పట్లో ఇనప బీరువాల నిండా సర్క్యూట్ కార్డులుండేవి. ఏ లైనుకు ఆ కార్డు. గుండె పెట్టెకూ ఒక కార్డు ఉండేది, దాని చిన్న దీపం, దాని వెచ్చదనం నా వేలికి తెలుసు. పెద్దాయన ఊరూరి టవర్ కాపలావాళ్ళను కూర్చోబెట్టి చెప్పిన మాట ఒకటే: "కాగితాలు ఎలకలు కొట్టేస్తాయి. బీరువా తలుపు లోపలి పక్క రంగు పెన్నుతో రాసుకోండి. ఏ లైను దేనికి, దాని నంబరెంత, అవతలి పెట్టెలో సిమ్ నంబరెంత." మేమందరం రాసుకున్నాం. నా తలుపు మీద ఎర్రరంగుతో, నా వంకర రాతలో, పైన 'గుండె' అని, కింద రెండు నంబర్లు.

ఏడాది కిందట ఆ కార్డులన్నీ లారీ ఎక్కించి తీసుకుపోయారు. బీరువాల చోట చిన్న పెట్టె ఒకటి మిగిలింది. ఖాళీ బీరువా ఒకటి, తలుపుతో సహా, మోయడానికి బరువని వదిలేశారు.

మా మేనకోడలు పట్నంలో కంట్రోల్ రూములో ఇంజనీరు. ఆ మార్పు చేసినవాళ్ళలో ఆమె కూడా ఉంది. ఆ వారం ఇంటికొచ్చినప్పుడు అన్నం తింటూ నాకు చెప్పింది.

"ఇప్పుడన్నీ క్లౌడ్‌లో ఉంటాయి మామయ్యా. ఫలానా యంత్రం అని ఉండదు. ఒక చోట పని పెరిగితే ఇంకో నాలుగు వాటంతటవే లేస్తాయి. పని తగ్గితే పడుకుంటాయి. ఒకటి చచ్చిపోతే ఇంకోటి పుడుతుంది. మేం చూడక్కర్లేదు."

"మరి గుండె పెట్టె లైను?"

"ఉంటుంది. దాన్ని స్లైసు అంటాం. గాలి ఒకటే, తీగ ఒకటే. అందులోనే వాటాలు. మామూలు ఫోన్లకొకటి, ఫ్యాక్టరీకొకటి, ఆసుపత్రికొకటి. ఒకళ్ళ వాటా ఇంకొకళ్ళు తాగరు."

బావ వేళ్ళు నాకుతూ అన్నాడు, "అంటే మన కాలువకి తూములు పెట్టినట్టు."

"అలాంటిదే నాన్నా. కాకపోతే ఈ తూములు ఇనపవి కాదు. చెప్తే లేస్తాయి, చెప్తే దిగుతాయి."

"ఎవరు చెప్తారు?"

"మేం ఒకసారి నియమం రాసి పెడతాం. తర్వాత యంత్రమే చెప్పుకుంటుంది."

బావ నా వంక చూశాడు. "విన్నావా బామ్మర్దీ, తూము దగ్గర మనిషి అక్కర్లేదట. నీ ఉద్యోగం హుళక్కి."

అందరం నవ్వాం. అమ్మాయి మాత్రం నవ్వాపి నాతో మెల్లగా చెప్పింది. "మామయ్యా, పొద్దున్నే ఆ పరీక్ష గీత పంపడం మానెయ్. నీలాంటివాళ్ళు మూడొందల మంది ఉన్నారు, అందరూ ఏడింటికే నొక్కుతారు. ఏదో జనం వచ్చిపడ్డారనుకుని సిస్టమ్ కొత్త యంత్రాల్ని లేపుతుంది. రెండు నిమిషాలకి మళ్ళీ పడుకోబెడుతుంది. ఉత్త దండగ. లైను ఉందో లేదో అదే చూసుకుంటుంది."

నాకు నచ్చలేదు. కాని ఆమె చదివింది, నేను చదవలేదు. మానేశాను. మొదటి వారం కాళ్ళు వాటంతటవే కిందికి నడిచేవి. సగం దారిలో గుర్తొచ్చి వెనక్కి తిరిగేవాణ్ణి. బావ మెట్ల మీంచి, "గోడతో మాటల్లేవా? అలిగిందా?" అనేవాడు. కొన్నాళ్ళకు ఆయనా మానేశాడు.

ఏప్రిల్ మొదట్లో మా కొండ రోడ్డు మీద పెద్ద సైకిల్ రేసు జరుగుతుందని తెలిసింది. ఎక్కడెక్కడి వాళ్ళో వస్తారట, టీవీలో చూపిస్తారట. గుంతలు పూడ్చి తారు పోశారు. దాన్ని అణిచింది మా బావ రోలరే. పదిహేను రోజులు ఎండలో ముందుకీ వెనక్కీ. సాయంత్రం వచ్చి అరచేయి చూపించి, "ఇలా ఉంది రోడ్డు, నా చేతికున్నన్ని గీతలు కూడా లేవు," అనేవాడు.

రేసు రోజు పొద్దున తొమ్మిదికే మలుపు మలుపునా జనం. పిట్టగోడ మీద జనం, చెట్ల మీద జనం. ప్రతి చేతిలో ఫోను, ప్రతి ఫోనులో వీడియో. కెమెరా బండ్లు పది దాకా వచ్చాయి. వాటికి వేరే స్లైసు ఇచ్చారని ముందు రోజే మా మేనకోడలు చెప్పింది. నేను టవర్ దగ్గరే ఉన్నాను, ఫ్యాన్లు గుర్రుమంటున్నాయి. పది ఇరవైకి నర్సమ్మ ఆయా పరుగెత్తుకుంటూ వచ్చింది.

"అన్నా, మీ బావగారు. నర్సమ్మ మిమ్మల్ని రమ్మంది."

బల్ల మీద పడుకోబెట్టి ఉన్నాడు. చొక్కా తడిసిపోయింది. ముఖం బూడిద రంగు. అక్క ఆయన కాలి బొటనవేలు పట్టుకుని నిలబడింది, ఇంకేం పట్టుకోవాలో తెలియనట్టు.

"దవడ లాగుతోంది బామ్మర్దీ," అన్నాడు. "రోలరు నా మీదే ఎక్కినట్టుంది."

నర్సమ్మ తీగలు అంటించేసింది. పెట్టె మీద దీపం పసుపు. నేను లెక్కపెట్టాను. మూడు. పది. ముప్పై. పసుపే. తెర మీద చిన్న చక్రం తిరుగుతోంది.

"గీత వెళ్ళడం లేదు," అంది నర్సమ్మ. "నా కంటికి గుండెలో రక్తం గడ్డకట్టినట్టే కనబడుతోంది. గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఉంది. డాక్టరు గీత చూసి అవునంటే తప్ప నేను ఇవ్వకూడదు. వేరే జబ్బయితే ఆ మందే ప్రాణం తీస్తుంది. ఫోన్లో ఫొటో తీసి పంపాను, అదీ వెళ్ళలేదు. ఇంతమంది ఫోన్ల మధ్య కాల్ కూడా కలవట్లేదు."

"అంబులెన్సు?"

"రోడ్డు మూసేశారు. సైకిళ్ళు దాటాలి. గంటన్నర."

"ఎంతసేపు ఆగొచ్చు?"

ఆమె నన్ను గదిలోంచి బయటికి తీసుకొచ్చి చెప్పింది. "ప్రతి నిమిషానికీ గుండెలో కొంత చచ్చిపోతుంది అన్నా. తిరిగి రాదు."

ఎక్కాల్సిన మెట్లు ఎక్కానో దూకానో నాకు గుర్తులేదు. క్యాబిన్ తీసి చూశాను. చిన్న పెట్టె మీద దీపాలన్నీ పచ్చగా ఉన్నాయి. అన్నీ. టవర్‌కు ఏ జబ్బూ లేదు. ఏదైనా ఎర్రగా ఉంటే నా చేతులకు పనుండేది. కార్డు లాగి, తుడిచి, మళ్ళీ గుచ్చేవాణ్ణి. ఇప్పుడు తాకడానికి అక్కడేమీ లేదు.

గోడకు ఒక ఫోను మిగిలింది. తీగ ఫోను. కంట్రోల్ రూముకు తప్ప ఎక్కడికీ వెళ్ళదు. ఎత్తాను. నాలుగు సార్లు మోగాక మా అమ్మాయే తీసింది.

"మామయ్యా? ఈ ఫోన్లోంచి చేశావేంటి?"

"గుండె పెట్టె పసుపులో ఉంది. పచ్చబడటం లేదు. బల్ల మీద మనిషున్నాడు."

"ఎవరు?"

నోటి దాకా వచ్చింది. ఆమె చేతివేళ్ళు గుర్తొచ్చాయి. చిన్నప్పుడు పరీక్షల ముందు వణికేవి, పెన్సిలు జారిపోయేది.

"ఒక మనిషి," అన్నాను. "యాభై దాటాయి. లైను చూడు ముందు."

మీటలు టకటకమన్నాయి. ఆగాయి. మళ్ళీ టకటకమన్నాయి.

"నంబరు చెప్పు మామయ్యా."

ఖాళీ బీరువా తలుపు తెరిచాను. ఎర్రరంగు అలాగే ఉంది. లైను నంబరు చదివాను.

ఆమె నంబరు నాకే తిరిగి చదివింది, మళ్ళీ వెతికింది.

"ఆ లైను లేదు," అంది. "ముప్పై రోజులు ఎవరూ వాడకపోతే ఖాళీ స్లైసు కింద లెక్క. మడిచేస్తుంది. పన్నెండు రోజుల కిందట మడిచేసింది."

నలభై రెండు రోజులు. అన్ని రోజులూ మా కొండ మీద ఎవరికీ గుండె నొప్పి రాలేదు. అదృష్టమనుకున్నాం. అక్కడ దాన్ని ఖాళీ అనుకున్నారు.

"మళ్ళీ విప్పు."

"ఇవాళ కుదరదు మామయ్యా. రేసు అయ్యేదాకా ఎవరూ ఏ మార్పూ చేయకూడదని తాళం వేశారు. కొత్త స్లైసు కట్టాలంటే ఇద్దరు పెద్దవాళ్ళు ఒప్పుకోవాలి. ఒకాయన అతిథులతో కొండ మీదే ఉన్నాడు, ఫోను కలవట్లేదు."

"కలవదు. ఇక్కడెవరి ఫోనూ కలవట్లేదు."

వెనక ఎవరో టీవీలో రేసు చూస్తూ చప్పట్లు కొడుతున్నారు.

"మామయ్యా, కొత్తది కట్టను. ఉన్నదాంట్లో దూరుస్తాను. కెమెరాల స్లైసులో ఆ పెట్టె సిమ్‌ని చేరుస్తాను. అదీ తప్పే. కాని నా చేతిలో ఉంది. సిమ్ నంబరు లైనుతో పాటే పోయింది. నర్సమ్మనడిగి..."

"ఇక్కడే ఉంది. రాసుకో."

పదిహేను అంకెలు. ఒక్కొక్కటీ మేకు కొట్టినట్టు చెప్పాను. పదకొండో అంకె దగ్గర రంగు లేచిపోయింది. ఒకటో ఏడో తెలియలేదు.

"ముందు ఏడు పెట్టు. కాకపోతే ఒకటి."

"ఏడు లేదంటోంది. ఒకటి... ఒకటి తీసుకుంది. వెళ్ళి చూడు మామయ్యా!"

ఫోను వదిలేశాను. అది తీగ పట్టుకుని గోడకు కొట్టుకుంటూ ఉంది. కిందికి దిగుతుంటే ఆరోగ్య కేంద్రం కిటికీలోంచి డాక్టరు గొంతు వినబడింది. పెట్టెలోంచి, పట్నం నుంచి, గదిలో మనిషిలా. "చూశాను. అదే. ఇచ్చెయ్యండి."

దీపం పచ్చగా ఉంది. గోడ గడియారంలో పది యాభై. అంటే పెట్టె తీగలు అంటించాక ఇరవై ఏడు నిమిషాలు. సరిగ్గా అప్పుడే సైకిళ్ళు మలుపు తిరిగాయి. జనం కొండ అదిరేలా అరిచారు. బావ కళ్ళు మూసుకునే అడిగాడు, "రోడ్డు ఎలా ఉందట?"

బతికాడు. పట్నం ఆసుపత్రిలో డాక్టరు ఒక కాగితం మీద గుండె బొమ్మ వేసి, అందులో పావు వంతు గీతలు కొట్టి చూపించాడు. ఆ ముక్క ఇక పని చేయదట. రోలరు ఎక్కకూడదు, ఎత్తు ఎక్కకూడదు, బరువు పట్టకూడదు. మెట్ల మీద కూర్చునే మనిషి ఇప్పుడు ముందుగదిలో మంచం మీద ఉంటున్నాడు. హాస్యం పోలేదు. కాని ప్రతి మాట మధ్యలో ఊపిరి కోసం ఆగుతాడు. ఆ ఆగినప్పుడు అక్క వంటింట్లో చేస్తున్న పని ఆపుతుంది.

రేసు టీవీలో ఒక కెమెరా బొమ్మ నాలుగు సెకన్లు నిలిచిపోయిందట. దాని మీద ఫిర్యాదు వచ్చింది. మా అమ్మాయికి మెమో ఇచ్చి, రెండు వారాలు ఇంటి దగ్గరే ఉండమన్నారు. గుండె పెట్టె మీద కూడా ఒక రిపోర్టు రాశారు. సిస్టమ్ నియమం ప్రకారమే పని చేసింది అని అందులో ఉందట.

ఆమె వచ్చిన రోజున నన్ను పెరట్లోకి పిలిచింది. బావకు వినబడకుండా.

"నాన్న అని నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే చెయ్యి వణికేది."

"వణికేది," అంది. తర్వాత దండెం మీద తువ్వాలు సర్దుతూ చెప్పింది. "ఆ నియమం రాసింది నేనే మామయ్యా. ముప్పై రోజులు అని పెట్టింది నేనే. జాబితా నా దగ్గరికే వచ్చింది. పాత సిస్టమ్‌లోంచి నంబర్లు వచ్చాయి, పేర్లు రాలేదు. మూడు వందల పన్నెండు నంబర్లు. సరే అని ఒక్క మీట నొక్కాను. టీ తాగుతూ నొక్కాను."

పరీక్ష గీత మానెయ్యమన్నది ఆమె. మానేసింది నేను. రోజూ ఒక్క గీత వెళ్తుంటే ఆ లైను ఖాళీ అయ్యేది కాదు. ఇద్దరికీ తెలుసు. నేను తువ్వాలు రెండో కొస పట్టుకున్నాను.

"మిగిలిన మూడొందల పదకొండు?" అన్నాను.

"తెలియదు. కొన్ని నిజంగానే ఖాళీవి. కొన్ని ఇలాంటివి. అన్నీ మళ్ళీ కట్టండి అని రాశాను. కావలసినవాళ్ళు అర్జీ పెట్టుకుంటే చూస్తామన్నారు. పోయిందని వాళ్ళకి తెలిస్తే కదా అర్జీ పెట్టడానికి."

"జాబితా ఉందా?"

ఉంది. ఇంటికి పంపేలోగా కాగితాల మీద అచ్చు తీసి తెచ్చుకుంది.

నేను ఇంటికి వెళ్ళి నా పాత డైరీ తెచ్చాను. పెద్దాయన దగ్గర నాతో పాటు పని నేర్చుకున్నవాళ్ళ ఫోన్ నంబర్లు. కొందరు రిటైరయ్యారు. ఇద్దరు పోయారు. చాలామంది ఇంకా టవర్ల కిందే ఉన్నారు. బావ మంచం పక్కనే స్టూలు వేసుకుని మొదలుపెట్టాను, ఆ గదిలోనే ఫోను బాగా అందుతుంది కాబట్టి.

మొదటివాడు ఎత్తగానే చెప్పాను. "నీ పాత బీరువా ఉందా? తలుపు లోపలి పక్క చూడు. రాసింది చదువు."

వాడు వెళ్ళి చదివాడు. ఆనకట్ట గేటు దగ్గర నీటిమట్టం కొలిచే లైను. నేను జాబితాలో వెతుకుతున్నాను, అంకెలు అలుక్కుపోతున్నాయి.

"ఇదివరకు గోడలతో మాట్లాడేవాడు," అన్నాడు బావ మంచం మీంచి. ఆగాడు. ఊపిరి తీసుకున్నాడు. "ఇప్పుడు తలుపులతో."

ఎవరూ నవ్వలేదు. ఆయన మా ఇద్దరి ముఖాలూ చూశాడు, ముందు నాది, తర్వాత కూతురిది.

"నా గుండె లైను తీసేసింది ఎవరు?"

"యంత్రం బావా," అన్నాను.

"యంత్రానికి చెప్పింది ఎవరు?"

వంటింట్లో చప్పుడు ఆగింది. అమ్మాయి చేతిలో కాగితాలు దించింది.

"నేనే నాన్నా."

బావ పైకప్పు వంక చూశాడు. ఫ్యాను తిరుగుతోంది. ఆయన ఛాతీ లేచి దిగడం, మళ్ళీ లేవడం నేను చూస్తూనే ఉన్నాను. కోప్పడతాడనుకున్నాను. కోప్పడితే బాగుండేదని కూడా అనుకున్నాను. ఎడమ చెయ్యి కొద్దిగా కదిపి స్టూలు చూపించాడు.

"అయితే నువ్వు కూర్చో," అన్నాడు. "వాడికి... చత్వారం."

నేను లేచాను. ఆమె కూర్చుంది. నేను ఫోను చేసి తలుపు మీది నంబరు పైకి చెప్పడం, ఆమె జాబితాలో వెతికి గీత పెట్టడం. ఆనకట్ట లైను జాబితాలో ఉంది. రెండోది లేదు. మూడోది ఒక గని లోపల గాలి చూసే పెట్టె, ఉంది. అది చదువుతున్నప్పుడు ఆమె పెదవి కొరుక్కుంది. కనబడిన ప్రతిదానికీ ఆమె అక్కడికక్కడే అర్జీ రాస్తోంది, వాళ్ళ పేరున, వాళ్ళ ఊరి పేరున. సాయంత్రానికి పంతొమ్మిది మందితో మాట్లాడాం. ఏడు దొరికాయి. అన్ని మాటలు నేను నా జన్మలో మాట్లాడలేదు, గొంతు బొంగురుపోయింది.

ఇరవయ్యోవాడు నాకంటే చిన్నవాడు, చలాకీవాడు. కొండ అవతల, పెద్ద ఆసుపత్రికి చాలా దూరంలో ఉంటాడు. వాడి టవర్ కింద కూడా గుండె పెట్టె ఉందని నాకు గుర్తు.

"తలుపు తెరిచావా?" అన్నాను.

"తెరిచాను అన్నా."

"ఏం రాసి ఉంది?"

తలుపు కిర్రుమనడం వినబడింది. వెలుతురు కోసం దాన్ని ఇటూ అటూ తిప్పుతున్నట్టున్నాడు.

"ఏం లేదన్నా. కొత్త సిస్టమ్ వచ్చాక ఎలాగూ ఖాళీయే కదా అని... పోయిన నెలే రంగు వేయించాను. బాగా పట్టింది."

అమ్మాయి పెన్ను పట్టుకుని నా వంక చూస్తోంది. మంచం మీద బావ కూడా.

"గోకు," అన్నాను. "మెల్లగా గోకు. నేను లైన్లోనే ఉంటాను."